తేనెటీగలకు చెప్పని మాట

1798, మార్చి చివర. సోమవారం.

ఈ పుస్తకం కుర్ర దొర ఇచ్చాడు. "హుక్‌వే తాతా, మీకు గుర్తున్న పాత పాటలన్నీ ఇందులో రాసిపెట్టండి" అన్నాడు. సరే అన్నాను. కానీ ఇంత తెల్లటి కాగితాలు పాటలతో పాడుచేయడం దేనికి? పాటలు ఎలాగూ నోటితో చెప్తూనే ఉన్నాను. వాటిలో సగం అప్పటికప్పుడు అల్లినవే. ఇందులో నా కూతలు రాసుకుంటాను.

నా చదువు ఒక్క చలికాలం. పంతులమ్మ ఇంట్లో పొయ్యి దగ్గర చోటు దొరుకుతుందని వెళ్ళాను. ఎండలు రాగానే మానేశాను. అక్షరాలు మాత్రం అంటుకున్నాయి. మా కోడలు తామ్సిన్‌కి అవీ రావు. కాబట్టి ఆమె వంట గురించి ఇక్కడ ఏమైనా రాసుకోవచ్చు. ఇవాళ బఠాణీ ముద్ద. గోడలో ఇటుక ఊడితే పనికొస్తుంది.

దొర పేరు థర్ల్‌బీ. లాయరు గారబ్బాయి. కొండ కింద ఖాళీగా పడున్న పెద్దింట్లో అద్దెకు దిగాడు. చేసే పని నడవడం. ఎండైనా నడుస్తాడు, వానైనా నడుస్తాడు. వాగు పక్కన నిలబడి నీళ్ళతో ఏదో గొణుగుతాడు. ఆయన ఫ్రెంచివాళ్ళ గూఢచారి అని ఊళ్ళో ఒక మాట పుట్టింది. ఎవరు పుట్టించారో నేను చెప్పను.

నాకు దిగులేం లేదు. ఊరికే రాస్తున్నాను.

మంగళవారం.

మైలురాయి దాకా నడిచొచ్చాను. మోకాలికి మంచిది. బ్రిడ్జ్‌వాటర్ నుంచి సరుకుల బండి సరిగ్గా అప్పుడే వచ్చింది. ఉప్పు, మేకులు, తుమ్ముతున్న ఒక లావుపాటి ఆవిడ. అంతే.

బుధవారం.

దొర ఇవాళ మా కంచె మీద చేతులేసుకుని కవిత్వం గురించి చెప్పాడు.

"ఇన్నాళ్ళూ కవిత్వమంటే రాజులదీ, యుద్ధాలదీ, గ్రీకు దేవతలదీ తాతా. నేను మీలాంటివాళ్ళ గురించి రాస్తాను. మీరు మాట్లాడుకునే మాటల్లోనే."

"నా గురించా? దేనికి? నేనెవర్ని చంపాను?"

"ఎవర్నీ చంపక్కర్లేదు."

"మరైతే ఎవరు చదువుతారు దొరా?"

నవ్వాడు. నవ్వితే మా మనవడు రూబెన్ ఈడువాడిలా ఉంటాడు.

మా పాదిరి గారు కూడా కవిత్వం రాస్తారు. ఊరి బయట ఊట మీద ఒకటి రాసి చర్చిలో చదివారు. అందులో నీళ్ళు అన్న మాటే లేదు. స్ఫటిక జలకన్యక అని ఉంది. ఆ రోజు ఇంటికొచ్చి, "అమ్మాయ్, ఒక చెంబుడు జలకన్యక ఇలా ఇవ్వు, దాహంగా ఉంది" అన్నాను. తామ్సిన్ నవ్వలేదు. చెంబు ఇచ్చి వెళ్ళిపోయింది. పోయిన అక్టోబరు నుంచి తామ్సిన్ నవ్వడం లేదు.

మైలురాయి దాకా వెళ్ళాను. మోకాలు.

శుక్రవారం.

దొరకి మన ఆచారాలంటే పిచ్చి. ఏం చెప్పినా రాసుకుంటాడు. నేను ఏం చెప్పినా. నల్లకోడి పెట్టిన గుడ్డు టోపీలో పెట్టుకుని కొండెక్కితే, సముద్రం అవతల వేల్స్‌లో మాట్లాడుకునే మాటలు వినిపిస్తాయని చెప్పాను. నిన్న ఎక్కాడట. దిగేటప్పుడు పాదిరి గారు ఎదురై మర్యాదగా టోపీ తీశారు. మర్యాదకు ఈయనా తీశాడు.

ఇవాళ జుట్టు కడుక్కుని వచ్చి, "తాతా, అది అబద్ధం కదూ?" అన్నాడు.

"ఏం, వినిపించలేదా?"

"లేదు."

"గుడ్డు నల్లకోడిదేనా? గోధుమ రంగుదేమో చూశారా?"

ఒక్క క్షణం నిజంగానే ఆలోచించాడు, పాపం.

శనివారం.

నిన్న ఒక పొరపాటు చేశాను. పొరపాటేం కాదు. నోరు జారింది, అంతే.

సారాయి కొట్టు అరుగు మీద ఆపిల్ సైడరు తాగుతూ దొరకి అన్నీ అబద్ధాలే చెప్తున్నాను. మధ్యలో ఒక నిజం దొర్లింది. తేనెటీగల సంగతి. ఇంటి యజమాని పోతే, ఇంటి తాళంచెవితో ఈగలుండే గడ్డిబుట్ట మీద మూడుసార్లు తట్టి, ఫలానావాడు పోయాడని ఈగలకు చెప్పాలి. చెప్పకపోతే అవి అలిగి లేచిపోతాయి, లేదంటే లోపలే చచ్చిపోతాయి. నా కొడుకు వాల్టర్ పోయినప్పుడు నేనే వెళ్ళి తట్టాను. మీ కొత్త యజమాని రూబెన్ అని చెప్పాను. వాడప్పుడు నా నడుం ఎత్తు కూడా లేడు.

ఆ సంగతి ఇంకా ఏం రాయను.

దొర అడిగాడు, "ఇప్పుడు రూబెన్ ఎక్కడ?" అని. చెప్పాను. రెండేళ్ళ కిందట బ్రిస్టల్ సంతకి తేనె అమ్మడానికి వెళ్తే నౌకాదళం వాళ్ళు రేవులో పట్టుకుని బలవంతంగా ఓడెక్కించారు. అక్టోబరులో డచ్చివాళ్ళతో జరిగిన యుద్ధంలో వాడి ఓడ ఉంది. చచ్చినవాళ్ళ పేర్లలో వాడు లేడు. బతికినవాళ్ళ పేర్లలోనూ లేడు. ఊళ్ళోవాళ్ళు ఈగలకు చెప్పేయమంటున్నారు. తామ్సిన్ చెప్పదు. ఎవరైనా వెళ్ళి తట్టేస్తారేమోనని తాళంచెవి తాడు కట్టి మెడలో వేసుకుంది. అప్పటినుంచి మా ఇంటికి తాళం లేదు. చాకలి పని చేసిన ప్రతిసారీ రూబెన్ చొక్కా కూడా ఉతుకుతుంది. ఎవరూ తొడగని చొక్కా. ఉతికి కంచె మీద ఆరేస్తుంది.

ఇదంతా చెప్పాక దొర ఏమీ రాసుకోలేదు. అదే నాకు నచ్చలేదు.

రూబెన్ వస్తాడు. వాడు నా మనవడు. నన్నే ఏ రోగమూ పట్టుకుపోలేకపోయింది.

ఆదివారం.

చర్చి దగ్గర పాదిరి గారు తామ్సిన్‌ని ఆపారు. మంచాయనే. ఆయన మంచితనానికి తలుపు తట్టడం తెలియదు, నేరుగా లోపలికొచ్చేస్తుంది.

"ఎన్నాళ్ళమ్మా ఇలా? గంట మోగించి నాలుగు మాటలు చెప్తాను. నీ మనసు కుదుటపడుతుంది."

"ఎవరి కోసం గంటండీ?" అంది తామ్సిన్.

ఆయన నా వైపు చూశారు.

"గంట తర్వాత చూద్దాం గానీ, మీ విగ్గు ఎడమవైపు జారింది. సైతాను చూస్తే చెవి పట్టుకుంటాడు" అన్నాను.

విగ్గు సరిగ్గానే ఉంది. ఆయన సర్దుకుంటుండగా మేం వచ్చేశాం.

ఏప్రిల్. మంగళవారం.

ఇవాళ జరిగింది రాయాలి.

దొరకి కూర్చుంటే కవిత్వం రాదు. నడుస్తూ, పైకి అనుకుంటూ, మాట కుదిరిందాకా అదే దారిలో అటూ ఇటూ తిరుగుతాడు. పెద్దింటి దగ్గర పనివాళ్ళు నవ్వుతున్నారని ఇవాళ మా పెరటి వెనక సందులోకి వచ్చాడు. ఆ సందుకీ మా తేనెబుట్టల అరుగుకీ మధ్య ఒక కంచె, పాత గేటు. అంతే.

నేను ఉల్లిమడి దగ్గర ఉన్నాను. తామ్సిన్ కంచె మీద బట్టలు ఆరేస్తోంది. రూబెన్ చొక్కా చేతిలో ఉంది. అప్పుడు సందులోంచి దొర గొంతు వినిపించింది. లయ కోసం చేతికర్రతో గేటు మీద తడుతున్నాడు. టక్, టక్, టక్.

"మీ దొర రాడిక చిన్నారులారా,
రూబెన్ లేడిక, రెక్కలు దించండి."

మళ్ళీ టక్, టక్, టక్. మళ్ళీ అదే. "రూబెన్ లేడిక" దగ్గర ఆగి, తల ఊపి, ఇంకా గట్టిగా అన్నాడు. మాట కుదిరినట్టుంది.

నేను లేచేసరికి తామ్సిన్ తడి చొక్కా మడత పెట్టేసింది. అలాగే, నీళ్ళు కారుతుండగానే. లోపలికి తీసుకెళ్ళి పెట్టె అడుగున పెట్టింది. మెడలోంచి తాళంచెవి తీసి తలుపు పక్క మేకుకి తగిలించింది.

"ఇంక తాళం వేసుకోవచ్చు మావయ్యా."

"పిచ్చిదానా, అది పాట. ఆ దొర ఒట్టి నడకల పిచ్చోడు."

"ఆయనకి లండన్ నుంచి పేపరొస్తుంది. పెద్దవాళ్ళతో పరిచయాలున్నాయి. తెలియకుండా పేరు పెట్టి అంటారా?" తర్వాత అంది, "తట్టారు కూడా. మూడుసార్లు. ఈగలు విన్నాయి. ఇంక నేను వినకపోతే ఏంటి?"

ఏడవలేదు. బంగాళాదుంపలు తొక్క తీసింది. పల్చగా, చక్కగా తీసింది.

మైలురాయి దాకా వెళ్ళలేదు.

బుధవారం.

చలి. ఈగలు ఒక్కటీ బయటికి రాలేదు. తామ్సిన్ కిటికీలోంచి చూసి తల తిప్పుకుంది. చలికి రాలేదే పిల్లా, నిన్నా మొన్నా కూడా పొద్దున్న రాలేదు అన్నాను. వినలేదు.

బుట్టకి చెవి ఆనించి విందామనుకున్నాను. ఆనించలేదు. మోకాలు నొప్పిగా ఉంది.

గురువారం.

పెద్దింటికి వెళ్ళాను. దొర రాత బల్ల దగ్గర ఉన్నాడు. నన్ను చూసి వెలిగిపోయాడు.

"తాతా, మంచి వేళకి వచ్చారు. కవిత పూర్తయింది. నేను ఇంతవరకు రాసినవాటిలో ఇలాంటిది లేదు. సోమవారం బ్రిస్టల్‌లో అచ్చుకి పంపుతున్నాను."

"మొన్న మా పెరటి సందులో ఎవరితో మాట్లాడారు?"

"ఎవరితోనూ కాదు. నాలో నేనే చెప్పుకున్నాను."

"పక్కన మూడు బుట్టల నిండా ఈగలున్నాయి దొరా. మీలో మీరు ఎలా అవుతుంది?"

అర్థమవడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కలం కింద పెట్టేశాడు. తామ్సిన్ ఏం చేసిందో, ఏమందో చెప్పాను. చొక్కా సంగతి చెప్పేటప్పుడు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"నాకేం కబురూ తెలియదు తాతా. ఒట్టు. ఆ పేరులో బరువుందని వాడుకున్నాను."

"ఉంది. మోసేది మేం."

"వెళ్ళి ఆమెకి చెప్తాను, క్షమించమంటాను."

"ఆమెకి చెప్తే చాలదు. చెప్పింది ఈగలకి. ముందు ఆ 'రూబెన్ లేడిక' అన్న ముక్క తీసెయ్యండి."

దానికి మాత్రం మొండికేశాడు. "అదే చివరి చరణం, అది లేకపోతే కవితే లేదు. కవితలో ఆ తల్లి వెళ్ళి తట్టాలి, చెప్పాలి. ఆ దుఃఖం ఎక్కడో ఒక ఒడ్డు చేరాలి కదా."

"ఎవరి దుఃఖం?"

బల్ల మీది కాగితం బోర్లించాడు.

"మా మాటల్లోనే మా గురించి రాస్తానన్నారు. తామ్సిన్ ఆ మాట ఎప్పుడంది? అది మీ మాట. పాదిరి గారి జలకన్యక లాంటిదే. కాస్త పేద బట్టలు కట్టించారు, అంతే తేడా."

నాకు ఇంత మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. పైగా అతిథిగా వెళ్ళి వాళ్ళ కేకు తింటూ అన్నాను.

చివరికి అడిగాడు, "ఈగలకి చెప్పింది వెనక్కి తీసుకునే ఆచారం ఏమైనా ఉందా?"

లేదు. మా తాతల నాటి నుంచి అలాంటిది లేదు. చచ్చారని చెప్పాక వెనక్కి తీసుకునే అవసరం ఎవరికీ పడలేదు.

"ఎందుకు లేదు" అన్నాను. "చాలా పాతది. చెప్పినవాడే రావాలి. కోటు తిరగేసి తొడుక్కోవాలి. వెనక్కి నడుచుకుంటూ రావాలి. చెవికి తేనె రాసుకోవాలి. చెప్పింది అబద్ధమని మూడుసార్లు అనాలి."

నా ముఖంలోకి చూశాడు. గుడ్డు గుర్తొచ్చిందని నాకు తెలుస్తూనే ఉంది.

"ఏ చెవికి తాతా?" అన్నాడు.

"కుడి."

"సరే. ఆదివారం వస్తాను."

మంచి పిల్లాడు. గూఢచారి కాదని ఊళ్ళో చెప్పాలి.

శుక్రవారం.

మోకాలి కోసం మైలురాయి దాకా. పంచదార, పలుగులు.

శనివారం.

వాన. తామ్సిన్ తలుపుకి తాళం వేసింది. ఆ చప్పుడు మర్చిపోయాను ఇన్నాళ్ళూ.

ఆదివారం.

చర్చి అయ్యాక ఎండ కాసింది. దొర సందులోంచి వచ్చాడు. కోటు తిరగేసి తొడుక్కున్నాడు, అస్తరు చిరుగులన్నీ కనబడుతున్నాయి. చెవి నుంచి కాలరులోకి తేనె కారుతోంది. వెనక్కి నడుస్తూ వచ్చి క్యాబేజీ మడిలో పడ్డాడు. కంచె అవతల పాదిరి గారు ఆగి నోరు తెరుచుకుని చూస్తున్నారు. వేరే రోజైతే ఈ దృశ్యం కోసం నా బూట్లు అమ్మేసేవాణ్ణి.

తామ్సిన్ గుమ్మంలో నిలబడింది.

"ఏంటిది మావయ్యా?"

"పాత ఆచారం."

"ఇలాంటి ఆచారం లేదు."

"ఉంది."

"ఎప్పటినుంచి?"

"గురువారం నుంచి."

ఆమె ముఖంలో ఏదో కదిలింది. నవ్వని అనను.

దొర బుట్టల ముందు నిలబడ్డాడు. నేను నేర్పినవి ఒక్కటీ అనలేదు. టోపీ తీసి మామూలుగా, పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"మంగళవారం నేను చెప్పింది పాట. కబురు కాదు. రూబెన్ సంగతి నాకేం తెలియదు. ఏ పేపర్లోనూ చదవలేదు. మాట బాగా కుదిరిందని అన్నాను. తప్పు."

ఈగలు ఎండకి బయటికొస్తున్నాయి. ఒకటి ఆయన చెవి మీద వాలింది. కదల్లేదు. రెండోది వాలింది. అప్పుడూ కదల్లేదు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

తామ్సిన్ లోపలికి వెళ్ళింది. అయిపోయిందనుకున్నాను. మేకు మీది తాళంచెవి తీసుకుని బయటికొచ్చింది. చెప్పేస్తుంది అనుకున్నాను. ఇంక చెప్పేస్తుంది. ఆపడానికి నోరు తెరిచాను.

"కాస్త జరగండి దొరా, దారికి అడ్డం నిలబడ్డారు" అంది.

మొదటి బుట్ట మీద తట్టింది. మూడుసార్లు.

"ఇంకా రాలేదు" అంది. "వింటున్నారా? ఇంకా రాలేదు, అంతే. ఏదైనా తెలిస్తే నేనే వచ్చి చెప్తాను. అందాకా ఎవరి మాటా వినకండి. మా మావయ్య మాట అసలే వినకండి."

రెండో బుట్టకీ అదే చెప్పింది. మూడోదానికీ.

తర్వాత దొర చెవి చూసి, "ఉల్లిపాయ తెస్తాను, రుద్దుకోండి. వాచింది" అంది.

కంచె అవతల పాదిరి గారు మెల్లగా విగ్గు సర్దుకున్నారు. ఈసారి నిజంగానే జారింది.

సోమవారం.

దొర అచ్చుకి పంపే ముందు మా వంటింట్లో కవిత చదివాడు. కుడి చెవి క్యాబేజీ అంత ఉంది. పేరు మార్చాడు, రూబెన్ లేడు అందులో. ఒక అమ్మ ఉంది, మెడలో తాళంచెవి ఉంది, కంచె మీద చొక్కా ఉంది. ఆమె పొద్దున్నే బుట్టల దాకా నడుస్తుంది. తాళంచెవి ఎత్తుతుంది. కవిత అక్కడ ఆగిపోయింది.

పాదిరి గారు కూడా ఉన్నారు. ఉల్లి పులుసు తింటూ, "బాగుందయ్యా, కానీ ముగింపేది? ఆమె చెప్పిందా లేదా? అంతా మామూలు మాటలే, పైగా సగంలో వదిలేశావు. ఇలాంటిది ఎవరు చదువుతారు?" అన్నారు.

దొర తామ్సిన్ వైపు చూశాడు.

"అక్కడే ఉండనివ్వండి. ఆమెని తొందరపెట్టకండి" అంది తామ్సిన్, గిన్నెలు తీస్తూ.

పులుసు బాగుంది. ఈ మాట ఇక్కడే రాస్తాను, పైకి అనను.

శుక్రవారం.

చొక్కా మళ్ళీ కంచె మీద ఉంది, తాళంచెవి తామ్సిన్ మెడలో.

మైలురాయి దాకా వెళ్ళాను. మోకాలు బాగానే ఉంది. ఎప్పుడూ బాగానే ఉంది. బండి కోసం వెళ్ళాను.

దొర అప్పటికే అక్కడ రాయికి ఆనుకుని నిలబడున్నాడు.

"మీరెందుకొచ్చారు?"

"ఊరికే, నడకకి."

"అబద్ధం ఆడటం రాదు మీకు. నా దగ్గర నేర్చుకోండి."

బండి వచ్చింది. తాళ్ళు, నారింజపళ్ళు, ఒక కోళ్ళ గంప. ఎవరూ దిగలేదు. ఇద్దరం తిరిగొచ్చాం.

తామ్సిన్ వాకిట్లో ఉంది.

"బండి వచ్చిందా మావయ్యా?" అంది. ఇన్ని నెలల్లో ఒక్కసారీ అడగలేదు. నేను మోకాలి కోసం వెళ్తున్నానని నమ్మిందనుకున్నాను.

"వచ్చింది."

"సరే" అంది. మెడలోంచి తాళంచెవి తీసి బుట్టల వైపు వెళ్ళింది, ఇంకా రాలేదని వాటికి చెప్పడానికి.